కట్ లేని బంతి

2002 జూన్ 10, సోమవారం

కొత్త పిల్ల వచ్చింది. పేరు హరిణి. ఊరు గుంటూరు. పంతొమ్మిదేళ్లు. పన్నెండేళ్ల కిందట నాకిచ్చినట్టే స్పోర్ట్స్ కోటాలో మా ఫ్యాక్టరీలో ఉద్యోగం ఇచ్చారు. టేబుల్ టెన్నిస్ హాల్లో అడుగుపెట్టిన ఐదు నిమిషాలకే నన్ను 'అక్కా' అంది. నాకు చెల్లెళ్లు లేరు.

నెట్‌కు దగ్గరగా పడే చిన్న బంతుల్ని టీంలో అందరం బుద్ధిగా తోసి పంపిస్తాం. ఈ పిల్ల తొయ్యదు. కుడికాలు టేబుల్ కిందికి జొనిపి, చెయ్యి ముందుకు చాచి, బంతి లేచి ఆగిన చోట మణికట్టుతో చిటికె వేసినట్టు కొడుతుంది. ఫోర్‌హ్యాండ్ ఫ్లిక్. బంతి అవతల పడ్డాక గానీ దెబ్బ చప్పుడు వినిపించదు. బసవరాజు సార్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. నా ఆట చూసి ఆయన ఎప్పుడు లేచి నిలబడ్డాడో గుర్తు తెచ్చుకుందామని బస్సు దిగేదాకా ఆలోచించాను.

ఆ పిల్ల కొట్టిన పదింటిలో నాలుగు బయటికి పోయాయి. అది ఎవరూ చూడలేదు.

జూన్ 11

మోచెయ్యి నొప్పి.

జూన్ 14, శుక్రవారం

చిక్కమ్మ చీరకు ఫాల్ కుడుతూ అడిగింది. "కొత్త పిల్ల వచ్చిందంట కదప్పా. ఎట్లుండాది?"

"ఉండాది."

"ఆడుతాదా?"

"ఆడుతాది."

"మరి చారు గిన్నె అట్ల దబ్బుమని ఏంటికి పెట్టినావు? అదేం చేసె నీకు?"

చిక్కమ్మతో ఇదే బాధ. మా అమ్మ చెల్లెలు. అమ్మ పోయాక ఆమే పెంచింది కాబట్టి నా గిన్నెల చప్పుడు కూడా ఆమెకు అర్థమవుతుంది. నేను చదివింది కన్నడ బడిలో. ఈ తెలుగు అక్షరాలు దొడ్డబళ్ళాపురంలో ఉన్నప్పుడు చిక్కమ్మ పలక మీద దిద్దించినవే. ఫ్యాక్టరీలో సగం మంది తెలుగు మాట్లాడతారు, చదవలేరు. అందుకే ఇందులో ఏదైనా రాసుకోవచ్చు. గుంటూరు పిల్లకు చదవడం వస్తుంది. ఈ పుస్తకం ఇంట్లోంచి కదలకూడదు.

జూన్ 15, శనివారం

సార్ పిలిచాడు.

"నేత్రా, ఆ పిల్లకు ఫ్లిక్ ఉండాది. అయితే కట్ బంతి వచ్చిందంటే నెట్‌లో పెడుతుంది. దాన్ని సరిచెయ్యల్ల. రోజూ పొద్దున ఆరింటికి రెండు బకెట్లు బంతులు వెయ్యి దానికి. అన్నీ కట్ బంతులే."

"ఫర్హానా ఉంది కదా సార్."

"ఫర్హానా కట్ చేసేది దూరం నుంచి. నాకు నెట్ పక్కన పడేది కావల్ల. నీ మాదిరి వేసేవాళ్లు మన టీంలో ఎవరుండారు చెప్పు?"

"అయితే ఫ్లిక్ నేను నేర్పాలా?"

నవ్వాడు. "నేర్పొద్దమ్మా. బంతులేస్తే చాలు. నీకు ఫ్లిక్ ఏడ వచ్చె?"

వచ్చేది. 1994 రాష్ట్ర ఫైనల్ దాకా వచ్చేది. అప్పట్లో గేమ్ ఇరవై ఒక్క పాయింట్లకు. చివరి గేమ్‌లో నాకు ఇరవై, అవతల పంతొమ్మిది. ఒక్క పాయింటు చాలు. చిన్న బంతి వస్తే ఫ్లిక్ చెయ్యమని గేమ్‌కు ముందు చెప్పింది ఈయనే. చేశాను. నెట్. తరవాత రెండు పాయింట్లూ పోయాయి. మర్నాడు అందరి ముందూ "నీకు మణికట్టు లేదమ్మా, ఆ షాట్ వదిలెయ్" అన్నది కూడా ఈయనే. వదిలేశాను. ఎనిమిదేళ్లుగా తోస్తున్నాను, కట్ చేస్తున్నాను, సర్వ్‌ల మీద గెలుస్తున్నాను. ఇప్పుడు ఇంకొకరి ఫ్లిక్‌కు బంతులు వెయ్యాలి.

సెప్టెంబరులో మైసూరు పోటీ, దానికి ఆగస్టులో ట్రయల్స్. టీంలో మూడు చోట్లు. ఫర్హానా, మార్త ఎలాగూ ఉంటారు. మూడోది నాది. టీంలో లేని వాళ్లకు ఉదయం ప్రాక్టీసు అనుమతి ఉండదు. ఎనిమిదింటి నుంచి ఐదింటి దాకా డిస్పాచ్‌లో పెట్టెల మీద చీటీలు అతికించడమే.

ఇవన్నీ ఆయనకు తెలుసు. తెలిసే అడిగాడు.

జూన్ 17, సోమవారం

మొదటి రోజు. హాలు కింద క్యాంటీన్‌లో ఉప్పిట్టుకు రవ్వ వేయిస్తున్న వాసన. రేకుల మీద వాన. నిజమైన కట్ వేశాను, చేతిలో ఉన్నదంతా పెట్టి. మొదటి బకెట్‌లో ముప్పాతిక వంతు నెట్‌లోకి పోయాయి.

"ఏం కట్ అక్కా ఇది! బంతికి బండ కట్టారా?" అని నవ్వింది.

బాగా అనిపించింది, ఒప్పుకుంటాను. రెండో బకెట్ చివర వరసగా ఐదు అవతల పడేసింది. ఐదోది నా చెవి పక్కనుంచి పోయింది.

జూన్ 18

వరసగా తొమ్మిది. సార్ చప్పట్లు కొట్టాడు.

జూన్ 20, గురువారం

ఈ రోజు కట్ తగ్గించాను. మోచెయ్యి.

బ్యాట్ బంతి అడుగున కోసుకుంటూ పోతే కట్. అలాంటి బంతిని లేపి కొట్టాలి, లేకపోతే నెట్‌లోకి దిగుతుంది. అదే ఊపుతో, బంతిని కొయ్యకుండా ఊరికే తాకించి వదిలితే డెడ్ బాల్. దాన్ని లేపకూడదు, లేపితే బయటికి పోతుంది. చూసేవాళ్లకు రెండూ ఒక్కటే. తేడా తెలిసేది వేసిన చేతికి మాత్రమే. నాకిది అన్నం కలుపుకున్నంత తేలిక.

చెయ్యి రోజూలాగే కోసినట్టు ఆడించాను. అలవాటు కదా. బంతి మీద మాత్రం ఏమీ పెట్టలేదు.

మొదటి ఇరవై బంతులూ గోడకు కొట్టింది. "సారీ అక్కా, ఎక్కువ లేపుతున్నాను" అంది. తనే బ్యాట్ కొంచెం వాల్చుకుంది. రెండో బకెట్‌కు అన్నీ నేరుగా కొట్టి అన్నీ అవతల పడేసింది.

"ఇప్పుడు కట్‌ని పట్టుకున్నాను కదక్కా?" అంది.

బంతులు ఏరుతున్నాను.

జూన్ 24

మోచెయ్యి ఇంకా నొప్పిగానే ఉంది. ఈ వారమంతా ఇలాగే.

జులై 1

నిజానికి ముందు ఆత్మవిశ్వాసం రావాలి. కట్ తరవాత చూసుకోవచ్చు. ఇంత చిన్న సంగతి సార్‌కు తెలియదు. ఆయనెప్పుడూ మొదటే కష్టమైన బంతి వేసి మనిషిని విరిచేస్తాడు. నేను అలా చెయ్యడం లేదు.

జులై 9, మంగళవారం

ఆ పిల్ల నాకు మోచేతి పట్టీ కొనుక్కొచ్చింది. మెజెస్టిక్ బస్టాండు దగ్గర దొరికిందట.

"రోజూ నా కోసం ఇంత కట్ వేసి చెయ్యి పాడుచేసుకుంటున్నారు. పెట్టుకోండి అక్కా, ప్లీజ్."

నీలం రంగు. నాకు నీలం నచ్చదు. ఆ పిల్ల చూస్తోందని పెట్టుకున్నాను. బాగానే పట్టింది.

ఏం చూసుకుని ఇంత మంచితనం? పంతొమ్మిదేళ్లకు నేనూ ఇలాగే ఉండేదాన్నా? లేదు. నాకెవరూ రెండు బకెట్లు వెయ్యలేదు.

జులై 10

డెడ్ బాల్.

జులై 11

డెడ్ బాల్.

జులై 22, సోమవారం

సార్ పై మెట్ల మీద కూర్చుని చూశాడు. కిందికి దిగి వచ్చి నా భుజం తట్టాడు. "ఏం కట్ వేస్తా ఉండావు నేత్రా! ఆ పిల్ల చూడు, దాన్ని కూడా ఎట్ల లాగి కొడతా ఉందో. వచ్చే ఏడాదికి రాష్ట్రంలో దీని ముందర ఎవరూ నిలవరు."

పాతికేళ్లుగా కోచ్. బంతి మీద కట్ ఉందో లేదో ఆయన కంటికి ఆనలేదు. ఈయన మాట పట్టుకునే నేను ఎనిమిదేళ్లు ఆ షాట్ వదిలేశాను. నా మణికట్టు గురించి మాత్రం ఈయనకు అంతా తెలుసు.

మధ్యాహ్నం వరకూ చాలా సంతోషంగా ఉన్నాను.

ఆగస్టు 5

ఫర్హానా అడిగింది, "నేత్రక్కా, నేనూ కాసేపు దానికి బంతులు వెయ్యనా? మీకు చెయ్యి నొప్పి కదా" అని. వద్దన్నాను. వాడుక పడిన బంతి మారితే పిల్ల తడబడుతుందని చెప్పాను. తలూపి వెళ్లింది.

ఆగస్టు 16, శుక్రవారం

రేపు ట్రయల్. నేను ఏ తప్పూ చెయ్యలేదు. బంతిని చూసి కనుక్కోవడం ఆడేవాళ్ల పని.

ఆగస్టు 17, శనివారం

11-4, 11-5, 11-3.

మొదటి సర్వ్‌కే నిజమైన కట్ పెట్టాను. అదే ఊపు, రెండు నెలలుగా ఆ పిల్ల రోజూ చూసిన ఊపు. కాలు జొనిపింది, చెయ్యి చాచింది, నేరుగా కొట్టింది. నెట్. మళ్లీ నెట్. మూడోసారి బ్యాట్ తిప్పి రబ్బరు చూసుకుంది, తుడుచుకుంది. తేడా రబ్బరులో ఉందనుకుంది. రెండో గేమ్‌లో పంతానికి పోయి ఇంకా గట్టిగా కొట్టింది. అన్నీ నెట్‌లోకే. మూడో గేమ్‌లో ఫ్లిక్ మానేసి తొయ్యడం మొదలుపెట్టింది. తోసుడు నా ఆట. అక్కడ నన్ను ఎవరు గెలుస్తారు?

సార్ స్కోరు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

చెయ్యి కలపడానికి వచ్చినప్పుడు ఆ పిల్ల కళ్లు ఎర్రగా ఉన్నాయి. "సారీ అక్కా. మీరు రెండు నెలలు కష్టపడ్డారు. నేనే చెడగొట్టుకున్నాను."

ఆగస్టు 18

గెలిచాను.

ఆగస్టు 19

మీరు రెండు నెలలు కష్టపడ్డారు, నేనే చెడగొట్టుకున్నాను. అలా అనవలసిన అవసరమేముంది? ఓడినవాళ్లు ఊరుకోవచ్చు కదా. కావాలని అన్నట్టుంది.

ఆగస్టు 21, బుధవారం

అనుకుంటూనే ఉన్నాను, ఫర్హానా ఊరుకోదని. ఉదయం నేను లేనప్పుడు ఆ పిల్లకు బంతులు వేసింది.

చేతులు కడుక్కుంటుంటే వెనక వచ్చి నిలబడింది హరిణి.

"ఫర్హానాక్క నెట్ దగ్గర నిలబడి పది బంతులేసింది. కట్ పెట్టి. పదీ నెట్‌లో పడ్డాయి. తరవాత కట్ లేకుండా, మీ ఊపుతోనే వేసి చూపించింది. పదీ అవతల పడ్డాయి."

నేను సబ్బు రుద్దుకుంటున్నాను.

"రోజుకు రెండు బకెట్లు. రెండు నెలలు. ఒక్క బంతి మీదైనా కట్ పెట్టారా మేడమ్?"

మేడమ్.

"తేలిక బంతులతో మొదలుపెట్టమని సార్ అన్నాడు" అన్నాను.

"సార్‌ని అడిగే వస్తున్నాను. అన్నీ కట్ బంతులే వెయ్యమన్నారట."

"నాకు మోచెయ్యి నొప్పి. నీకు తెలుసు కదా. పట్టీ కూడా నువ్వే కొన్నావు."

"నొప్పయితే మామూలుగా వెయ్యొచ్చు. కోసినట్టు చెయ్యి ఎందుకు ఆడించారు? ప్రతి బంతికీ ఆడించారు మేడమ్. ప్రతి బంతికీ."

కొళాయి ఇంకా కొంచెం తిప్పాను. చప్పుడుకు తన మాట వినిపించలేదన్నట్టు నిలబడ్డాను. తిరిగి చూసేసరికి లేదు.

ఆగస్టు 22

సార్ గదికి పిలిచాడు. తిడతాడనుకున్నాను, జవాబులు సిద్ధం చేసుకున్నాను. 94లో మీరు నాకేం చేశారో చెప్పండి అని అడుగుదామనుకున్నాను.

"ట్రయల్ అయిపోయె. గెలిచింది నువ్వే. మైసూరుకు నువ్వే పోతావు" అన్నాడు. నా వైపు చూడలేదు. "రేపటి నుంచి పిల్లకు ఫర్హానా బంతులేస్తాది. నువ్వు ఆరింటికి రావాల్సిన పని లేదు."

"సార్, నేను..."

"పోమ్మా. నాకు పని ఉండాది."

తిట్టి ఉంటే బాగుండేది.

సెప్టెంబరు 2

కొత్త నియమం నిన్నటి నుంచి అమల్లోకి వచ్చింది. సర్వ్ చేసేటప్పుడు బంతిని చేతి చాటున, ఒంటి చాటున దాచకూడదు. ఎదుటివాళ్లకు కనిపిస్తూ ఉండాలి. పన్నెండేళ్ల నా సర్వ్‌లన్నీ ఎడమ చేతి చాటునే. ఎక్కడో ఎవరో కూర్చుని నా ఒక్కదాని మీద పగబట్టి రాసినట్టుంది.

సెప్టెంబరు 21, శనివారం. మైసూరు

మూడు ఆడాను, మూడూ పోయాయి. చివరిది 11-2, 11-4, 11-2. అంపైర్ నాలుగు సర్వ్‌లు తప్పని చెయ్యెత్తాడు. మిగతావి చాటు లేకుండా వేస్తే, పదహారేళ్ల పిల్లలు కూడా కట్ ఎంతుందో చూసి మరీ ఫ్లిక్ చేశారు. ఒకదాని తరవాత ఒకటి. నేను కట్ వేస్తాను, వాళ్లు లేపి కొడతారు. నిలబడి చూడటం తప్ప నేను చెయ్యగలిగింది లేకపోయింది.

మార్త నీళ్లిచ్చింది. ఫర్హానా ఇవ్వలేదు.

అక్టోబరు 7, సోమవారం

సార్ జాబితా అంటించాడు. ఫర్హానా, మార్త, హరిణి. జనవరిలో ఇక్కడే జరిగే ఫ్యాక్టరీల పోటీకి. కింద ఇంకో వరస: ఆడని కెప్టెన్, నేత్రావతి.

ఆడని కెప్టెన్ అంటే బెంచి మీద కూర్చుని గేమ్‌కు గేమ్‌కు మధ్య సలహా చెప్పే మనిషి. మర్యాద కోసం పెట్టాడట. మార్త చెప్పింది.

డిస్పాచ్‌లో నా బల్ల కిటికీ పక్కన. చీటీలు, జిగురు.

అక్టోబరు 9

కావేరి నీళ్ల గొడవ. బస్సులు లేవు. ఫ్యాక్టరీకి పోలేదు. రోజంతా చిక్కమ్మ పక్కన కూర్చుని హుక్కులు కుట్టాను. సూది పొడుచుకుంది.

నవంబరు 6, బుధవారం

డిస్పాచ్ చీటీలు పై హాల్లో మర్చిపోయానని చెప్పి మెట్లెక్కాను. ఫర్హానా వేస్తోంది, ఆ పిల్ల కొడుతోంది. ఇప్పుడు కట్ కనిపించగానే బ్యాట్ తెరుచుకుంటోంది. కింది నుంచి లేపి, పైన మణికట్టు తిప్పేస్తోంది. బంతి నెట్ మీదుగా వంగి టేబుల్ మూలకు దిగుతోంది.

నాకు ఎనిమిదేళ్ల కిందట ఇలాగే ఉండేది. ఇంత బాగా లేదు.

నన్ను చూసి ఇద్దరూ ఆగారు. నేను దిగిపోయేదాకా మళ్లీ మొదలుపెట్టలేదు.

నవంబరు 17, ఆదివారం

చిక్కమ్మకు చెప్పాను. ఎందుకు చెప్పానో తెలియదు. సాయంత్రం కాఫీ తాగుతూ, ఎవరో తెలియని వాళ్ల సంగతిలా మొదలుపెట్టాను. సగంలోనే ఆమె కుట్టు ఆపింది.

"ఆ పిల్లతో అన్నావా, తప్పయిందని?"

"తప్పేముంది చిక్కమ్మా? ఆటలో ఎవరి తెలివి వాళ్లది."

"అట్లయితే నాకేంటికి చెప్తా ఉండావు?"

చిక్కమ్మ దారం కొరికి మళ్లీ కుట్టుకోసాగింది. "నీ సార్ మీద ఉండే కసి ఆ బిడ్డ మీద ఏసినావు. బసవరాజును ఒక్క మాట అడిగేదానికి ఎనిమిదేళ్లుగా నోరు రాకపాయె. దాని మీదికి మాత్రం చెయ్యి వచ్చె."

కప్పులు కడిగాను. చప్పుడు చెయ్యకుండా.

నవంబరు 25

క్యాంటీన్‌లో ఆ పిల్ల ఎదురు కుర్చీ ఖాళీగా ఉంటే వెళ్లి కూర్చున్నాను. "హరిణీ" అన్నాను. పళ్లెం తీసుకుని లేచి వెళ్లిపోయింది. సగం ముద్ద అలాగే ఉంది పళ్లెంలో.

నా వంతు నేను చేశాను. వినకపోతే నేనేం చెయ్యను?

నవంబరు 26

చేశానా? పేరు పిలిచాను, అంతే.

2003 జనవరి 18, శనివారం

జరిగింది జరిగినట్టు రాయాలి. ఒక్కటి కూడా వదలకూడదు.

ఫైనల్, చెన్నై జట్టుతో. రెండు హాళ్లలో ఒకేసారి ఆటలు. సార్ మగవాళ్ల జట్టుతో పక్క హాల్లో ఉన్నాడు. మా బెంచి మీద పెద్దదాన్ని నేనే. ఫర్హానా రెండూ గెలిచింది. మార్త ఓడింది. హరిణి మొదటి మ్యాచ్ ఓడింది. రెండు రెండు. చివరి మ్యాచ్ హరిణిది, వాళ్ల జట్టులో అందరికన్నా గట్టి పిల్లతో. ఎడమచేతి వాటం, జడ చుట్టి ముడేసుకుంది.

రెండు గేమ్‌లు వాళ్లవి, రెండు మావి. గేమ్ మధ్య విరామాల్లో హరిణి బెంచి దగ్గరికి వచ్చేది, తువ్వాలు తీసుకునేది, ఫర్హానా వైపు తిరిగి నిలబడేది. ఫర్హానా ఏదో చెప్పేది. నేను నీళ్ల సీసా అందిస్తే పక్కనున్న తన సీసా తీసుకునేది.

ఐదో గేమ్. ఏడు, ఏడు. అక్కడ చూశాను. చెన్నై పిల్ల సర్వ్. చెయ్యి కత్తిలా కిందికి కోసింది. నెట్ అవతల చిన్నగా పడింది. హరిణి లేపి ఫ్లిక్ చేసింది. బంతి టేబుల్ దాటిపోయింది. రెండో సర్వ్ నిజంగా కట్. హరిణి లేపింది, పాయింటు వచ్చింది. ఎనిమిది, ఎనిమిది. మొదటిది గురి తప్పిందనుకుంది, మొహంలో కనిపించింది. గురి తప్పలేదు. మొదటి బంతి మీద కట్ లేదు.

ఈ లోకంలో ఇంకెవరికీ తెలియకపోయినా నాకు తెలుస్తుంది. చెన్నై పిల్ల చెయ్యి బంతిని తాకాక విసురుగా పోతోంది, తాకేటప్పుడు కాదు. నేను రెండు నెలలు చేసింది అదే.

తరవాత హరిణి సర్వ్‌లు. ఒకటి వచ్చింది, ఒకటి పోయింది. తొమ్మిది, తొమ్మిది. ఇక రెండు సర్వ్‌లు చెన్నై పిల్లవి. కెప్టెన్‌గా నేను లేచి టైమ్ అవుట్ అడిగాను. ఒక్క నిమిషం.

హరిణి వచ్చింది. ఫర్హానా వైపు చూసింది. ఫర్హానా "కట్ పెడుతోంది, లేపు, అంతే" అంది. ఫర్హానా కూర్చున్న చోటి నుంచి ఆ చెయ్యి కనిపించదు.

నేను అడ్డం వెళ్లి నిలబడ్డాను. "కాదు. ఇందాక నీ పాయింటు పోయింది డెడ్ బాల్‌కే, ఈ రెండు సర్వ్‌లూ అదే వేస్తుంది. చెయ్యి కోసినట్టు ఆడిస్తుంది, బంతి మీద ఏమీ ఉండదు. లేపకు. బ్యాట్ వాల్చి నేరుగా కొట్టు."

మొదటిసారి నా మొహంలోకి చూసింది. ఆగస్టు తరవాత మొదటిసారి.

"నిజం చెప్తున్నాను" అన్నాను.

ఆ మాట అనకుండా ఉండవలసింది. ఆ మాటతోనే తన చూపు మారింది. తువ్వాలు బెంచి మీద వేసి వెళ్లింది.

సర్వ్ వచ్చింది. చిన్నగా, కోసినట్టు. హరిణి కాలు జొనిపింది. బ్యాట్ కొంచెం వాలింది, నేను చూశాను, వాలింది. ఆఖరి క్షణంలో తెరుచుకుంది. లేపింది. బంతి టేబుల్ దాటి పోయింది. పది, తొమ్మిది.

నా వైపు తిరిగి చూసింది. నేను తలూపాను. గట్టిగా ఊపాను.

రెండో సర్వ్. అదే బంతి. ఈసారి కొట్టనూ లేదు, లేపనూ లేదు. ఎటూ తేల్చుకోలేక మధ్యలో బ్యాట్ అడ్డం పెట్టింది. బంతి గాలిలోకి లేచింది. చెన్నై పిల్ల రెండడుగులు వెనక్కి వేసి కొట్టింది.

వాళ్ల బెంచి మొత్తం లేచి అరిచింది.

సార్ పరుగున వచ్చాడు. "ఏం చెప్పినావు దానికి?" అని నా మీదికి వచ్చాడు. "టైమ్ అవుట్‌లో ఏం చెప్పినావు నేత్రా? మళ్లీ ఏం చేసినావు?"

నేను నోరు తెరిచేలోపు హరిణి అంది, "కరెక్ట్‌గానే చెప్పారు సార్. నేనే వినలేదు."

సార్ ఆ పిల్లను చూశాడు, నన్ను చూశాడు. ఫర్హానాను చూశాడు. ఫర్హానా తల దించుకుని బ్యాట్ సంచిలో పెట్టుకుంటోంది.

"సార్" అన్నాను. "ఈ పిల్ల తప్పేం లేదు. జూన్‌లో మీరు కట్ బంతులు వెయ్యమన్నారు. నేను కావాలనే వెయ్యలేదు. మోచెయ్యి కాదు. ట్రయల్‌లో గెలవాలని చేశాను. 94లో మీరు నా చేత ఆ షాట్ మాన్పించారు. దానికి మిమ్మల్ని అడగాల్సింది. ఈ పిల్లను పాడుచేశాను."

"94లో నేనేం మాన్పించినాను?" అన్నాడు ఆయన. నిజంగానే గుర్తులేదు ఆయనకు. ఎనిమిదేళ్లు నేను మోసిన మాట ఆయన నోట్లోంచి ఎప్పుడు జారిందో కూడా తెలియదు.

హరిణి బూట్ల లేసులు విప్పుకుంటోంది. దగ్గరికి వెళ్లాను.

"కావాలనే చేశాను" అన్నాను మళ్లీ.

"అది ఆగస్టులోనే తెలుసు మేడమ్." తల ఎత్తలేదు. "మీరు చెప్పగానే బ్యాట్ వాల్చాను. చూశారా?"

"చూశాను."

"బంతి దగ్గరికి వచ్చేసరికి, ఈవిడ మళ్లీ మోసం చేస్తోందేమో అనిపించింది. చెయ్యి దానంతట అదే లేచింది." లేసు ముడి పడింది. గోటితో లాగింది, రాలేదు. "ఈ రోజు నిజం చెప్తున్నారని నాకెలా తెలుస్తుంది? మీరే చెప్పండి. ఎలా తెలుస్తుంది?"

దానికి జవాబు ఇప్పుడు రాస్తూ కూడా వెతుకుతున్నాను.

ఫ్యాక్టరీ వ్యానులో మిగిలింది ఒక్క సీటు, హరిణి పక్కన. మార్త లేచి తన సీటు ఇస్తానంది. హరిణి "పర్లేదు, కూర్చోనీ" అంది. మా ఇద్దరి మధ్య కిట్ బ్యాగు నిలబెట్టి, కిటికీ వైపు తిరిగింది. కార్పొరేషన్ దగ్గర మలుపు తిరిగినప్పుడు బ్యాగు నా మీదికి ఒరిగింది. పట్టుకున్నాను. దిగేదాకా పట్టుకునే ఉన్నాను.